రెండు భాషల మనిషి: ‘దుబాష్’ అనే మాట కథ

ఇంగ్లీషు నిఘంటువును శ్రద్ధగా చదివే విద్యార్థికి అందులో మన దేశపు మాటలు అనేకం ఎదురవుతాయి. తెలుగువారి పందికొక్కు అక్కడ ‘బాండికూట్’ అయినది. తమిళ జాలరుల కట్టుమరం ‘కటమరాన్’ అయినది. ఇవి వస్తువుల పేర్లు, జంతువుల పేర్లు. కొత్త దేశానికి వచ్చిన వర్తకుడు తనకు తెలియని జంతువునో, పడవనో చూచి స్థానికుల పేరుతోనే దానిని పిలవడం సహజం. కాని అదే నిఘంటువులో ‘దుబాష్’ అనే మాట కూడా ఉన్నది. అది వస్తువు పేరు కాదు, ఒక మనిషి పేరు. పరదేశి వర్తకునికీ ఈ దేశ ప్రజలకూ నడుమ నిలబడి, ఒకరి మాటను మరొకరికి అందజేసిన మనిషిని ఆ పేరుతో పిలిచినారు.

ఒక మాట అర్థాన్ని తెలుసుకొనడానికి నిఘంటువులో ఒక పంక్తి చాలును. ఆ మాట ఏ భాషలో పుట్టినది, ఎవరి నోట ప్రయాణం చేసినది, దారిలో ఏ అర్థాన్ని చేర్చుకొన్నది, దేనిని పోగొట్టుకొన్నది అన్న విషయాలు తెలియాలంటే మాత్రం ఆ మాట బ్రతికిన ఊరికి వెళ్ళాలి. ‘దుబాష్’ విషయంలో అట్టి ఊళ్ళలో పుదుచ్చేరి ముఖ్యమైనది.

మాట పుట్టుక

హిందీలో ‘దుభాషియా’ అనే మాట నేటికీ వాడుకలో ఉన్నది. రెండు భాషలు తెలిసి, ఒక భాషలో చెప్పినదానిని రెండవ భాషలో వినిపించేవాడు దుభాషియా. ఇందులో మొదటి భాగం ‘దు’, అనగా రెండు. రెండవ భాగం ‘భాష’. సంస్కృతంలోని ‘ద్విభాషి’ దీనికి మూలరూపం.

ఈ ‘దు’, ‘దో’ అనే ఉపసర్గ వంటి ముక్క మనకు తెలియనిది కాదు. రెండు నదుల నడిమి భూమి ‘దోఆబ్’. ‘దుపట్టా’లోని ‘దు’ కూడా ఇదే. తెలుగులో వృథా ఖర్చును సూచించే ‘దుబారా’ కూడా మొదట ‘రెండవసారి’ అనే అర్థం కలదే. సంస్కృతంలోని ‘ద్వి’, హిందీ పారశీకాలలోని ‘దో’, లాటినులోని ‘దువో’, ఇంగ్లీషులోని ‘టు’ అనే సంఖ్యావాచకాలన్నీ ఒకే భాషాకుటుంబానికి చెందిన జ్ఞాతులు. ఫ్రెంచి భాషలో రెండుకు ఉన్న పేరు సైతం ఆ కుటుంబంలోనిదే. అనగా పుదుచ్చేరి రేవులో దిగిన ఫ్రెంచివానికి ఈ మాటలో మొదటి సగం తనకు తెలియకుండానే చుట్టమైనది.

హిందుస్తానీ నుండి ఈ మాట దక్షిణ భాషలకు వ్యాపించినది. తెలుగులో అది ‘దుబాసి’, ‘దుబాషీ’ అనే రూపాలను పొందినది. భకారంలోని ఒత్తు జారిపోయినది. ఇంగ్లీషువారు చివరి అచ్చును కూడా వదిలివేసి ‘దుబాష్’ అన్నారు. 1670 ప్రాంతాలలో ఇండియాలో సంచరించిన జాన్ ఫ్రయర్ అనే ఆంగ్ల వైద్యుని యాత్రాగ్రంథంలోనే ఈ మాట కనిపిస్తుంది. ఆనాటి రచయితలు దీనిని ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా వ్రాసినారు. వర్ణక్రమం స్థిరపడని మాట ఇంకా చెవి నుండి చెవికి నడుస్తున్న మాట అని భాషాశాస్త్రజ్ఞులు గుర్తిస్తారు. తరువాత 1886లో హెన్రీ యూల్, ఏ. సి. బర్నెల్ అనే పండితులు ‘హాబ్సన్-జాబ్సన్’ అనే ప్రసిద్ధ నిఘంటువును ప్రకటించినారు. ఇండియాలోని ఆంగ్లేయుల వాడుకలోకి వచ్చిన మాటలకు అది కోశం. అందులో ‘దుబాష్’కు ప్రత్యేకంగా స్థానం లభించినది.

దీనికి అనుబంధంగా మరొక మాటను చెప్పుకొనవచ్చును. పోర్చుగీసు సంతతికి చెందిన క్రైస్తవులను, వారిలోని సిపాయిలను, ఆ కాలపు పత్రాలు ‘తోపాస్’ అని పేర్కొన్నాయి. తలమీది టోపీని బట్టి ఆ పేరు వచ్చినదని కొందరి అభిప్రాయం. రెండు భాషలు మాట్లాడినవారు గనుక ‘దుభాషియా’యే అలా మారినదని మరి కొందరి అభిప్రాయం. వ్యుత్పత్తిని నిర్ణయించడంలో ఇట్టి సందేహాలు తప్పవు. ఒక మాటకు ఒకటే మూలమని తొందరపడి చెప్పరాదన్న పాఠాన్ని విద్యార్థులు దీని నుండి గ్రహించవచ్చు.

దుబాసి చేసిన పని

పేరును బట్టి దుబాసి పని అనువాదమే. కాని ఆచరణలో అది అంతకంటె చాలా పెద్దది. ఐరోపా కంపెనీలకు ఈ తీరంలో కావలసినది ముఖ్యంగా నేతబట్ట. నేతగాండ్రు గ్రామాలలో ఉన్నారు. వారికి ముందుగా బయానా ఇవ్వాలి, బట్ట నాణ్యం చూడాలి, గడువుకు సరకును రేవుకు చేర్చాలి. ధరలు, నాణేల మారకం, స్థానిక పాలకుల సుంకాలు, కులపెద్దల తగవులు అన్నీ తెలిసిన మనిషి లేకుండా ఈ వ్యాపారం ఒక్క దినం సాగదు. ఆ మనిషి దుబాసి. మాటను చేరవేసేవాడే బేరాన్ని కుదిర్చేవాడైనాడు. బేరాన్ని కుదిర్చేవాడే పూచీ పడేవాడైనాడు. పూచీ పడేవాడు క్రమంగా అప్పులిచ్చే షాహుకారుగా, సలహాలిచ్చే మంత్రిగా ఎదిగినాడు.

ఫ్రెంచివారు తమ పత్రాలలో ఈ ఉద్యోగిని ‘కూర్తియే’, అనగా దళారి అన్నారు. పుదుచ్చేరి తమిళ ప్రజలకు అధిపతిగా కూడా అతనినే పరిగణించినారు. ఒకే మనిషి ఒక వైపున కంపెనీ నౌకరు, మరొక వైపున ప్రజల పెద్ద. ఈ రెండు ముఖాల ఉద్యోగం ఎంత గౌరవప్రదమైనదో అంత ప్రమాదకరమైనది. ఆ ప్రమాదం ఎట్టిదో పుదుచ్చేరి చరిత్రలోని ఒక విచారణ స్పష్టం చేస్తుంది.

నైనియప్ప విచారణ

18వ శతాబ్ది ఆరంభంలో పుదుచ్చేరిలో ప్రధాన దళారిగా ఉండినవాడు నైనియప్ప పిళ్ళై. 1716లో గవర్నరు ఎబేర్ ఆయనను బంధింపజేసినాడు. అధికార దుర్వినియోగం, రాజద్రోహం అనేవి ఆయనపై మోపిన నేరాలు. విచారణ జరిపి, బజారులో బహిరంగంగా 50 కొరడా దెబ్బలు కొట్టవలసినదనీ, కారాగారంలో ఉంచవలసినదనీ తీర్పు చెప్పినారు. ఆయన ఆస్తిని కూడా స్వాధీనం చేసుకొన్నారు. 1717లో నైనియప్ప చెరసాలలోనే మరణించినాడు.

ఈ కథలో మన విషయానికి సంబంధించిన అంశం ఒకటి ఉన్నది. సాక్షులు తమిళంలో చెప్పిన మాటలను ఒకరు పోర్చుగీసులోకి మార్చినారు. ఆ పోర్చుగీసును మరొకరు ఫ్రెంచిలోకి మార్చినారు. చివరకు కాగితం మీదకు ఎక్కినది ఫ్రెంచి. తమకు చదవరాని ఆ కాగితాల మీద సాక్షులు సంతకాలు చేసినారు. పోర్చుగీసు ఆనాడు ఈ తీరంలోని రేవులన్నిటా వర్తకులకు ఉమ్మడి భాష. అది నైనియప్పకు వచ్చును. అయినను తనను ఆ భాషలో ప్రశ్నించలేదని ఆయన పక్షం వారు ఫిర్యాదు చేసినారు. జీవితమంతా ఇతరుల నడుమ మాటలను నడిపిన మనిషి, తన ప్రాణం మీదికి వచ్చినప్పుడు తన మాటను తాను చెప్పుకొనే దారి లేకపోయినది.

నైనియప్ప కుమారులు, మిత్రులు ఊరుకొనలేదు. ఫ్రాన్సుకు విజ్ఞాపనలు పంపినారు. సాక్ష్యాలను అనువదించిన తీరు, తెలియని భాషలో చేయించిన సంతకాలు ఆ విజ్ఞాపనలలో ముఖ్యమైన ఆక్షేపణలు. ఫలితంగా నైనియప్ప మరణానంతరం తీర్పు రద్దయినది. ఆయన నిర్దోషిత్వాన్ని అంగీకరించినారు. ఆయన కుమారుడు గురువప్ప ఫ్రాన్సుకు వెళ్ళి, సెయింట్ మైకేల్ బిరుదును పొంది తిరిగివచ్చి, తండ్రి నిర్వహించిన పదవినే నిర్వహించినాడు. తీర్పు తిరగబడినను పోయిన ప్రాణం తిరిగిరాలేదు. రెండు భాషల మధ్య జరిగే పొరపాటు కేవలం వ్యాకరణ దోషంగా ముగియదని ఈ విచారణ నిరూపించినది.

ఆనందరంగ పిళ్ళై

ఆ నైనియప్పకు మేనల్లుడైన ఆనందరంగ పిళ్ళై దుబాసీలందరిలో సుప్రసిద్ధుడు. ఆయన 1709లో మదరాసు సమీపాన పెరంబూరులో జన్మించినాడు. తండ్రి తిరువేంగడం పిళ్ళై కుటుంబంతో పుదుచ్చేరికి తరలివచ్చినాడు. 1742 నుండి 1754 వరకు గవర్నరుగా ఉండిన డూప్లే ఆనందరంగనిపై ఎంతో విశ్వాసముంచినాడు. 1746లో అప్పటి పెద్ద దుబాసి కనకరాయ మొదలి మరణించిన పిదప ఆ పదవి ఆనందరంగనికి లభించినది.

అది కర్ణాటక యుద్ధాల కాలం. 1746లో ఫ్రెంచివారు మదరాసును పట్టుకొన్నారు. 1748లో ఆంగ్లేయులు పుదుచ్చేరిని ముట్టడించి విఫలులైనారు. నవాబుల లేఖలు, వర్తకుల మొరలు, సేనల కదలికలు అన్నీ దుబాసి చేతుల మీదుగా సాగినాయి. 1736 నుండి 1761 వరకు, సుమారు పాతికేళ్ళ పాటు, ఆనందరంగ పిళ్ళై తాను చూచినదీ విన్నదీ దినచర్యగా వ్రాసినాడు. రేవుకు వచ్చిన ఓడల వివరాలు, సరకుల ధరలు, గవర్నరుతో జరిగిన సంభాషణలు, ఊరిలోని పుకార్లు అన్నీ అందులో చోటు చేసుకొన్నాయి. ఇతరుల మాటలను ఇతర భాషలలో చెప్పడమే వృత్తిగా గల ఆయన, తన మాటను మాత్రం తన మాతృభాషయైన తమిళంలో వ్రాసుకొన్నాడు.

ఆయన 1756లో పదవిని కోల్పోయినాడు. 1761 జనవరిలో, పుదుచ్చేరి ఆంగ్లేయుల వశమైన ఆ నెలలోనే, కన్నుమూసినాడు. ఆ దినచర్య చాలాకాలం మరుగున పడియుండినది. 1846లో గాల్వా మోంబ్రన్ అనే ఫ్రెంచి ఉద్యోగి దానిని వెలుగులోకి తెచ్చినాడు. 1904 నుండి 1928 వరకు మదరాసు ప్రభుత్వం దాని ఇంగ్లీషు అనువాదాన్ని 12 సంపుటాలలో ప్రకటించినది. దుబాసి వ్రాసిన గ్రంథాన్ని లోకానికి అందించడానికి మళ్ళీ రెండు భాషలు తెలిసినవారే అవసరమైనారు. 18వ శతాబ్ది దక్షిణాపథ చరిత్రను వ్రాయబూనినవారికి నేడు ఆ సంపుటాలు తప్పనిసరి ఆధారం.

తెలుగువారు ఈ దుబాసిని మరొక కారణం వల్ల కూడా తలచుకొనవలసి ఉన్నది. కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథాన్ని ఆయన పేరిట ‘ఆనందరంగరాట్ఛందము’గా రచించినాడు. ఈ కవియే ‘సాంబనిఘంటువు’ అనే తెలుగు పద్యకోశాన్ని కూడా కూర్చినాడు. శ్రీనివాసకవి సంస్కృతంలో ‘ఆనందరంగవిజయ చంపువు’ను వ్రాసినాడు. తమిళ కవులు కూడా ఆయనను ప్రస్తుతించినారు. ఫ్రెంచి గవర్నరు కొలువులో ఉండిన ఒక తమిళుని మీద తెలుగులో ఛందశ్శాస్త్రం, సంస్కృతంలో చంపూకావ్యం వెలువడినాయి. మదరాసులో, పుదుచ్చేరిలో ఆనాడు భాషలు ఎంత ఇరుగు పొరుగుగా మెలగినాయో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలును.

ఆయన పేరు గల వీథిలో ఆయన భవనం నేటికీ ఉన్నది. క్రింది అంతస్తు దారుస్తంభాలతో మన దేశపు పద్ధతిలోను, మీది అంతస్తు ఫ్రెంచి పద్ధతి స్తంభాలతోను నిర్మింపబడినది. ఆ ఇంటి కట్టడం కూడా యజమాని వృత్తి వలెనే రెండు భాషలు మాట్లాడుతుంది.

అర్థం మారిన తీరు

భాషాశాస్త్రంలో అర్థసంకోచం, అర్థవ్యాకోచం, అర్థాపకర్ష అనే మాటలను కళాశాల విద్యార్థులు చదువుతారు. ‘దుబాష్’ ఈ మార్పులకు చక్కని ఉదాహరణ. మొదట అనువాదకుడు అనే అర్థం. తరువాత దళారి, గుమాస్తా, ఋణదాత అనే అర్థాలు వచ్చి చేరినాయి. ఇది అర్థవ్యాకోచం. 18వ శతాబ్ది చివరకు మదరాసులో ఈ మాటకు ఒక మచ్చ కూడా అంటినది. యజమాని పేరు చెప్పి ప్రజలను పీడించేవాడు, తెర వెనుక సూత్రాలు లాగేవాడు అనే భావం ఆంగ్లేయుల రచనలలో వ్యాపించినది. ఇది అర్థాపకర్ష.

ఇందుకు తోడ్పడిన వ్యక్తులలో ఒక తెలుగువాడు ఉన్నాడు. 1789-90లో మదరాసు పాలన హాలండ్ సోదరుల చేతిలో ఉండిన కాలంలో అవధానం పాపయ్య అనే దుబాసి అపారమైన పలుకుబడి సంపాదించినాడు. తరువాత కుట్ర నేరంపై విచారణకు గురియై శిక్ష పొందినాడు. ఆ పేరు సముద్రాలు దాటి పోయినది. సర్ వాల్టర్ స్కాట్ 1827లో ప్రకటించిన ‘ది సర్జన్స్ డాటర్’ అనే కథలో పాపయ్య అనే పేరుతోనే ఒక దుబాసి కనిపిస్తాడు. ఇండియాను ఎన్నడూ చూడని స్కాట్లండు రచయిత కథలో తెలుగు పేరు గల దుబాసి కుతంత్రాలు నడిపే పాత్ర అయినాడు.

అయితే ఈ మచ్చ ఆ వృత్తిలోని అందరికీ చెందదు. అదే మదరాసులో దుబాసిగా ధనం గడించిన పచ్చయప్ప మొదలి తన ఆస్తిని ధర్మకార్యాలకు విడిచినాడు. ఆ ధర్మనిధి నుండి 1842లో వెలసిన పాఠశాలయే కాలక్రమాన పచ్చయప్ప కళాశాల అయినది. అసలు దోషం మనిషిలో కంటె ఏర్పాటులో ఉన్నది. పాలకునికి ప్రజల భాష రాదు. ప్రజలకు పాలకుని భాష రాదు. రెండూ వచ్చిన ఒకే ఒక్కని చేతికి రెండు పక్షాల తాళపుచెవులూ చిక్కుతాయి. అతడు సత్యవంతుడా కాడా అని పరీక్షించగలవారు ఎవరూ ఉండరు. అందుకే నమ్మినవారు అతనిని ఆకాశానికి ఎత్తినారు. అనుమానించినవారు బజారులో నిలబెట్టినారు.

ఇతర దేశాలలోని జోడుమాటలు

ఇట్టి ఉద్యోగం ఒక్క ఇండియాకే ప్రత్యేకం కాదు. తురుష్క సామ్రాజ్యంలో ఐరోపా రాయబారులకు ‘డ్రాగోమన్’లు ఉండినారు. ఆ మాటకు మూలం అరబ్బీలోని ‘తర్జుమాన్’. మన కచేరీలలో వాడుకైన ‘తర్జుమా’ ఆ కుదురులోనిదే. చీనా తీరంలో ‘కాంప్రడోర్’ ఉండినాడు. పోర్చుగీసు భాషలో ఆ మాటకు కొనుగోలుదారు అని అర్థం. వంగదేశంలో ఇదే పనిని ‘బనియన్’ అనే పేరుతో నిర్వహించినారు. ఈ పేర్లన్నీ పోల్చి చూచినప్పుడు ఒక విశేషం తెలుస్తుంది. కాంప్రడోర్ అనే పేరు కొనుగోలును సూచిస్తుంది. బనియన్ అనే పేరు వర్తకాన్ని సూచిస్తుంది. దుబాష్ అనే పేరు మాత్రం భాషాజ్ఞానాన్నే సూచిస్తుంది. ఆ మనిషి ఎంత ధనవంతుడైనను, పేరు అతని మూలధనం భాషయే అని గుర్తు చేస్తూ ఉండినది.

నేటి వాడుక

నేటి ఇంగ్లీషులో ‘దుబాష్’ ముఖ్యంగా చరిత్ర గ్రంథాలలో కనిపించే మాట. ఆనందరంగ పిళ్ళైని డూప్లే యొక్క దుబాష్ అనడం సరియైన ప్రయోగం. అంతర్జాతీయ సభలో ఉపన్యాసాన్ని అప్పటికప్పుడు మరొక భాషలో వినిపించే నిపుణుని దుబాష్ అనడం సరికాదు; అతనికి ‘ఇంటర్‌ప్రెటర్’ అనే మాట ఉన్నది. గ్రంథాన్ని వ్రాతలో అనువదించినవాడు ‘ట్రాన్స్‌లేటర్’. దుబాష్ అనేది నామవాచకమే గాని, ఇంగ్లీషులో దానిని క్రియగా వాడరు. బొంబాయి రేవులో ఓడలకు కావలసిన సామగ్రిని అందించే వర్తకునికి కూడా ఈ పేరు చెల్లినది. పార్సీ కుటుంబాలలో అది ఇంటిపేరుగా నిలిచినది. తెలుగులో దుబాసి అన్న మాట చరిత్ర రచనలలో మిగిలినది. హిందీ ‘దుభాషియా’ మాత్రం ఇప్పటికీ పనిలో ఉన్న మాట. ఒకే మాట ఒక భాషలో చరిత్రయై, మరొక భాషలో వర్తమానమై నిలవడం విచిత్రమైనను అరుదు కాదు.

పుదుచ్చేరి ఫ్రెంచి పాలన నుండి 1954 నవంబరు 1న భారత పరిపాలన క్రిందికి వచ్చినది. 1956లో కుదిరిన విలీన ఒప్పందం 1962లో ఆమోదం పొందినది. 1963లో కేంద్రపాలిత ప్రాంతంగా ఏర్పడినది. 2006లో దాని పేరు పాండిచ్చేరి నుండి పుదుచ్చేరిగా మారినది. పుదుచ్చేరి, కారైకాల్‌లలో తమిళం, మాహేలో మలయాళం, గోదావరీ తీరాన ఉన్న యానాంలో తెలుగు ప్రజల భాషలు. ఒకే పాలనలో మూడు ద్రావిడ భాషలు, వాటితో పాటు ఇంగ్లీషు, ఫ్రెంచి మెలగుతున్న ప్రాంతం ఇది. అట్టి చోట రెండు భాషలు తెలిసిన మనిషి అవసరం తగ్గలేదు, పెరిగినది. మారినది అతని స్థానం. పెద్ద దుబాసి అనే పదవి పోయినది. భాషలను నేర్పే తరగతి గది వచ్చినది.

రెండు భాషల జ్ఞానం ఒక్కని సొత్తయినప్పుడు అది అధికారంగా మారుతుంది. పలువురి సొత్తయినప్పుడు అది స్నేహంగా మారుతుంది. తన సాక్ష్యం ఏ మాటలలో నమోదయినదో సాక్షి స్వయంగా చదివి తెలుసుకొనగలిగిననాడు నైనియప్పకు జరిగిన అన్యాయం మరొకరికి జరగడం కష్టం. తెలుగు విద్యార్థి మరొక భారతీయ భాషను, పొరుగు విద్యార్థి తెలుగును నేర్చుకొన్న కొలది నడుమ నిలిచే మనిషిపై మోయలేని బరువు తగ్గుతుంది. అతని అనువాదాన్ని సరిచూడగలవారు పెరుగుతారు. దుబాసి అనే మాటకు మొదట ఉండిన అర్థం రెండు భాషలు తెలిసినవాడు అని మాత్రమే. ఆ అర్థంలో దుబాసి కావడానికి ఎవరి కొలువులోనూ చేరనక్కరలేదు.